అప్‌డేట్: తమ్ముడు వారానికి మూడు రోజులు బయటికి వెళ్తున్నాడు

స్కిజోఫ్రీనియా (ఎవరూ లేకున్నా గొంతులు వినిపించడం లాంటి లక్షణాలుండే మానసిక జబ్బు) ఉన్న మా తమ్ముడు మందులు వేసుకుంటున్నా రోజంతా మంచం దిగడం లేదని, విశాఖలో పగటిపూట ఏదైనా వ్యాపకం పెట్టే చోటు ఉందా అని మూడు నెలల క్రితం అడిగాను కదా. తర్వాత జరిగింది ఇది.

మొదట చేర్చిన చోట పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాగితం కవర్లు అంటించడమే. నాలుగో రోజు 'నేను వెళ్లనక్కా' అన్నాడు. బద్ధకం అనుకుని కేకలేశాను. ఆసక్తి లేకపోవడం కూడా జబ్బు లక్షణమేనని, గొంతులు వినిపించడం తగ్గినంతగా ఇది మందులతో తగ్గదని డాక్టరుగారు చెప్పాక సిగ్గేసింది.

ఇప్పుడు వెళ్లేది మద్దిలపాలెం దగ్గర చిన్న డే సెంటర్. క్యారమ్స్, కుండీల్లో మొక్కలు, వంట, ఎవరికి ఏది ఇష్టమైతే అది. శుక్రవారం ఇద్దరిద్దరిని జతచేసి, చేతికి రెండొందలిచ్చి రైతుబజారుకు పంపుతారు. మొదటిసారి వీడు సంచి పట్టుకుని బయటే నిలబడిపోయాడట. రెండోసారి ముదిరిన బెండకాయలు తెచ్చాడు. మొన్న మాత్రం ఒక్కో కాయ కొస విరిచి చూసి మరీ ఏరాడని జతగా వెళ్లినాయన నవ్వుతూ చెప్పారు. చిల్లర లెక్క కూడా సరిపోయింది!

2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉందని మీలో ఒకరు చెప్పారు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే సర్టిఫికెట్‌తో ప్రయోజనాలు అడగొచ్చు. అప్లై చేశాం.

రాత్రిపూట టెన్షన్ వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తున్నాను. తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.

ఆదివారాలు మాత్రం వాడు ఇంకా మంచం మీదే.