చిత్తూరు–తిరుపతి బస్సులో విన్న కొత్త ఆల్బమ్‌లు: మీకెలా అనిపించాయి?

పూతలపట్టు ప్యాసింజర్
రోజూ చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో పోయి వస్తాను. విడి పాటలు మార్చి మార్చి వినీ వినీ విసుగొచ్చింది. అందుకే ఈమధ్య ఒక పంతం పట్టాను. బస్సెక్కగానే ఒక కొత్త ఆల్బమ్ పెట్టడం, మొదటి పాట నుంచి ఆఖరిదాకా ఒక్కటీ దాటేయకుండా వినడం. ఇయర్‌ఫోన్స్‌లో ఎడమది చచ్చిపోయింది, కుడిదాంతోనే నెట్టుకొస్తున్నా.

మొదట లింకిన్ పార్క్ ‘ఫ్రమ్ జీరో’ పెట్టాను. 2024 నవంబర్‌లో వచ్చింది. పాడే చెస్టర్ బెన్నింగ్టన్ 2017లో పోయినప్పుడే ఈ బ్యాండ్ కథ ముగిసిందనుకున్నా. ఇప్పుడు ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాడుతోంది. అరిచే చోట అదరగొట్టింది. మెత్తగా పాడే చోట మాత్రం నాకింకా చెస్టరే గుర్తొస్తున్నాడు. గిటార్లు పల్చగా ఉన్నాయి. మొత్తం కలిపి అరగంట చిల్లరే, బస్సు పూతలపట్టు చేరేసరికి అయిపోయింది. మిగతా దారంతా ఏం వినాలి?

ఎస్వీయూ బెంచీ
అన్నా, ఒంటి చెవితో విని గిటార్లు పల్చగా ఉన్నాయంటే ఎట్లా! రాక్ రికార్డింగుల్లో చాలాసార్లు ఒకే గిటార్ వరసను రెండుసార్లు వాయించి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి పెడతారు. నీకు వినబడింది సగమే. కొత్తవి కొనేదాకా ఫోన్ సెట్టింగ్స్‌లో ‘మోనో ఆడియో’ ఆన్ చేసుకో, రెండు వైపుల శబ్దమూ ఒకే చెవికి వస్తుంది.

ఇంకోటి. వాళ్ల బ్యాండ్‌కి మొట్టమొదటి పేరు కూడా ‘జీరో’నే, కాకపోతే ఎక్స్‌తో మొదలవుతుంది. ఆ పేరు పెట్టారంటే చెస్టర్ చోట్లో ఆమెను నిలబెట్టడానికి కాదు, మళ్లీ సున్నా నుంచి లెక్క మొదలుపెట్టడానికి. నాకు నచ్చింది.

రాత్రి డ్యూటీ అక్క
తమ్ముడూ, బిల్లీ ఐలిష్ ‘హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్’ విను. 2024 మేలో వచ్చింది, పదే పాటలు. ముందు ఒక పాట వదిలి ఊరించడం లేకుండా అన్నీ ఒకేసారి ఇచ్చారు. మ్యూజిక్ వాళ్లన్న ఫినియస్‌ది. కొన్ని పాటలు సగం దాకా ఒకలా నడిచి, అక్కణ్నుంచి పూర్తిగా ఇంకో పాటైపోతాయి.

నేను తెల్లవారుజాము మూడింటికి వార్డులో విన్నాను, వాల్యూమ్ రెండు గీతలే. ఆ పిల్ల ఎంత గుసగుసగా పాడుతుందంటే, పేషెంట్ ఎవరో కలవరిస్తున్నారేమో అని రెండుసార్లు ఇయర్‌ఫోన్ తీసి చూశాను. బస్సులో అయితే ఇంజన్ మోతకే సగం పోతుంది. ఇంట్లో లైటార్పి విను.

మామిడితోట
కోల్డ్‌ప్లే బ్యాండ్ ‘మూన్ మ్యూజిక్’ ఎల్పీ, అంటే సూదితో వినే పెద్ద రికార్డు, తెప్పించా. తొమ్మిది ప్లాస్టిక్ సీసాలు కరిగించి ఒక రికార్డు చేశామన్నారు. మన కొండ మీద ప్లాస్టిక్ సీసా కనిపిస్తే లాక్కుంటారు, వీళ్లు దాన్నే పాడిస్తున్నారు! నాకొచ్చింది మాత్రం అప్పడంలా వంకర తిరిగి వచ్చింది. సూది మిట్టా పల్లం ఎక్కి దిగుతుంటే పాట తూగుతోంది. అమ్మినవాళ్లు ఉలకరు పలకరు. చివరికి ఫోన్‌లోనే విన్నా. వినసొంపుగానే ఉంది గానీ ఆపేశాక ఒక్క వరసా నోట్లో ఆడదు.

గాలిగోపురం
ది క్యూర్ బ్యాండ్ ‘సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్’. ముందు ఆల్బమ్ వచ్చిన పదహారేళ్ల తర్వాత, 2024 నవంబర్‌లో తెచ్చారు. ఎనిమిది పాటలు, యాభై నిమిషాలకు కాస్త తక్కువ. మెట్లెక్కుతూ విన్నావా అని అడగొద్దు, అలిపిరి దాటితే నాకు గోవింద నామాలే. ఇది మిద్దె మీద కూర్చుని విన్నది.

మొదటి పాటలో గొంతు వినబడేసరికే మూడు నిమిషాలు దాటుతుంది. ఆఖరిదాంట్లో అయితే ఆరు. పాడే రాబర్ట్ స్మిత్‌కి అరవై దాటినా గొంతు చెక్కుచెదరలేదు. ఒక పాట చనిపోయిన వాళ్లన్న మీద రాశాడు. మా అన్న పోయి మూడేళ్లు. అక్కడ ఆపేసి కిందికి దిగొచ్చాను. మర్నాడు మళ్లీ మొదట్నుంచీ పెట్టి చివరిదాకా విన్నాను.

పూతలపట్టు ప్యాసింజర్
కొత్త ఇయర్‌ఫోన్స్ కొన్నా. బెంచీ తమ్ముడికి దండం, ‘ఫ్రమ్ జీరో’ గిటార్ల మీద నా మాట వెనక్కి. ఎమిలీ విషయంలో ఇంకొన్ని రోజులు చూస్తా.

ఈరోజు ది క్యూర్ పెట్టాను. పక్క సీట్లో కాణిపాకం దర్శనం చేసుకుని వస్తున్న పెద్దాయన, “ఏం వింటా ఉండావు నాయనా” అంటే ఎడమది ఆయన చెవిలో పెట్టా. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు. తర్వాత మెల్లిగా నా మోచేయి తట్టి, “వాయిద్యం బాగుంది గానీ, పాడే ఆయన ఇంకా రాలేదా?” అన్నాడు.

వస్తాడు, కొంచెం ఓపిక పట్టండి అన్నా. పాట మొదలయ్యేసరికి పెద్దాయన గురక పెడుతున్నాడు. ఇయర్‌ఫోన్ లాగితే లేస్తాడేమోనని చంద్రగిరి దాకా మళ్లీ ఒంటి చెవితోనే విన్నాను.