పైథాన్‌తో మెయిల్ వెళ్ళట్లేదు, అర్జెంట్

కొత్తకోడర్: మధ్యాహ్నం నుంచి ఇదే గోల. ప్రోగ్రామ్ నుంచి ఒక మెయిల్ పంపాలి, అంతే. కోడ్ కరెక్టే, పాస్‌వర్డూ కరెక్టే. రన్ చేస్తే ఎర్రర్. రేపు ప్రాజెక్టు చూపించాలి, ఫుల్ టెన్షన్. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

ముక్కుసూటి: ఏం ఎర్రర్?

కొత్తకోడర్: చాలా లైన్లు వస్తున్నాయి అన్నా. చివర్లో 'ఈమెయిల్ ఈజ్ నాట్ ఎ ప్యాకేజ్' అని ఉంది.

ముక్కుసూటి: ఫైల్ పేరేంటి?

పాతసర్వర్: అది తర్వాత. పాస్‌వర్డ్ కోడ్‌లోనే రాశావా? ఈ కాలం పిల్లలందరిదీ ఇదే అలవాటు. తాళం వేసి చెవి గుమ్మానికే తగిలించినట్టు. కోడ్ బయట, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (సిస్టమ్ దాచుకునే సెట్టింగ్) పెట్టి అక్కడి నుంచి చదవాలి. ఒకసారి గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) కమిట్ అయిందంటే, అంటే సేవ్ అయిందంటే, ఆ లైన్ తీసేసినా పాత కమిట్‌లో ఉండనే ఉంటుంది. పబ్లిక్‌లో పెట్టేశావంటే ఇక పాస్‌వర్డ్ మార్చుకోవాల్సిందే.

కొత్తకోడర్: ఈమెయిల్ డాట్ పీవై. పేరుతో పనేంటి అన్నా?

ముక్కుసూటి: అదే జబ్బు. మార్చు.

రాజహంస: పైథాన్‌లోనే ఈమెయిల్ అనే ప్యాకేజీ ఉంది తమ్ముడూ. మెయిల్ పంపే పైథాన్ మాడ్యూల్ ఎస్‌ఎమ్‌టీపీలిబ్‌కి అది కావాలి. పైథాన్ ముందు నీ స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌లో వెతుకుతుంది కాబట్టి అసలు దాని బదులు నీ ఫైలే దొరుకుతోంది. ర్యాండమ్, క్యాలెండర్ లాంటి పేర్లు పెట్టినా ఇదే తంటా.

కొత్తకోడర్: మార్చాను. ఇప్పుడు 535 అంటోంది, పాస్‌వర్డ్ ఒప్పుకోదట. దాంతోనే బ్రౌజర్‌లో లాగిన్ అవుతున్నా!

రాజహంస: జీమెయిలేనా? సొంత ఖాతాలకైతే 2022 మే 30 నుంచి మామూలు పాస్‌వర్డ్‌తో ప్రోగ్రాములను రానివ్వడం లేదు. 'లెస్ సెక్యూర్ యాప్స్ ఆన్ చేయండి' అనే పాత వీడియోలు చూడకు. టూ స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, ప్రోగ్రాములకు విడిగా ఇచ్చే యాప్ పాస్‌వర్డ్ తీసుకో. 16 అక్షరాలు ఉంటుంది, వెంటనే రాసుకో, మళ్ళీ చూపించదు. సర్వర్ ఎస్‌ఎమ్‌టీపీ డాట్ జీమెయిల్ డాట్ కామ్, పోర్టు 587. లాగిన్ కంటే ముందు, కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే స్టార్ట్‌టీఎల్‌ఎస్ పిలవాలి. లేదంటే పోర్టు 465తో ఎస్‌ఎస్‌ఎల్, అంటే మొదటి నుంచే ఎన్‌క్రిప్షన్.

పాతసర్వర్: ఎస్‌ఎస్‌ఎల్ ఇంకా ఎక్కడుందండీ? దాని ఆఖరి వెర్షన్ 3.0ని కూడా 2015లోనే వాడొద్దన్నారు. 465లో నడిచేదీ దాని తర్వాత వచ్చిన టీఎల్‌ఎస్సే.

రాజహంస: పైథాన్‌లో క్లాసు పేరు ఎస్‌ఎమ్‌టీపీ అండర్‌స్కోర్ ఎస్‌ఎస్‌ఎల్. ఆ పిల్లాడు టైప్ చేయాల్సింది అదే కదా.

పాతసర్వర్: పాత పేరు అలా ఉండిపోయింది. కొత్తవాళ్ళకి తప్పు నేర్పడం దేనికి? అయినా 587 ఎందుకు చెప్పారు? 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8314 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం కూడా 465 పద్ధతే మేలంటుంది.

ముక్కుసూటి: రెండూ పనిచేస్తాయి.

కొత్తకోడర్: సార్, యాప్ పాస్‌వర్డ్ అనే ఆప్షనే లేదు. టూ స్టెప్ ఆన్‌లోనే ఉంది.

రాజహంస: కాలేజీ ఇచ్చిన ఐడీనా?

కొత్తకోడర్: అవును. అది కూడా చెప్పాలా?

ముక్కుసూటి: చెప్పాలి.

రాజహంస: సంస్థల ఖాతాల్లో ఆ ఆప్షన్ కనిపించకపోవచ్చు. రేపటిలోగా కావాలంటే సొంత జీమెయిల్‌తో చెయ్యి. టెస్టింగ్ అని లూప్‌లో పెట్టి వదిలేయకు, రోజుకు 500 మెయిల్స్ దాటితే కాసేపు పంపనివ్వదు.

పాతసర్వర్: 465తో.

కొత్తకోడర్: వెళ్ళింది, థాంక్స్. 587తోనే. పీడీఎఫ్ అటాచ్ చేస్తే ఓపెన్ అవట్లేదు, దానికి వేరే పోస్టు పెడతా.