సమస్య: నీరు పోయఁ జచ్చె నిండు తీగ

సంచాలకుడు: ఈ వారం పూరణకు, అంటే పై మూడు పాదాలు మీరు అల్లి పద్యం పూర్తి చేయడానికి, ఇచ్చినది ఆటవెలది అనే పద్యరీతిలో చివరి పాదం. అయిదూ సూర్యగణాలే (మూడేసి మాత్రల అక్షరాల గుంపులు), నీ–ని యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదిరే పొత్తు). నీరు ప్రాణం కదా, పోస్తే తీగ చావడమేమిటి? చిక్కంతా అక్కడే ఉంది. ఎర్రమన్నూ పశువుల ఎరువూ కలిపి కుండీలు నింపి, కొబ్బరితాళ్లతో పందిరి అల్లి, తొలి పిందె కనబడిందేమోనని తెల్లవారకముందే మిద్దె ఎక్కేవాళ్లం మనలో చాలామందిమి ఉన్నాం. పూరణలు ఆ మట్టిలోంచే రావాలని నా కోరిక.

తెనాలి సభ్యురాలు:

కుండి యడుగు చిల్లి కొట్టక నాటితి
దొండతీగ, మురిసి తొందరించి
పూట పూట కొక్క బొక్కెన చొప్పున
నీరు పోయఁ జచ్చె నిండు తీగ

సంచాలకుడు: అమ్మా, చాలా సహజంగా వచ్చింది. పూ–బొ యతి వెతికి తెచ్చినట్టు లేదు, బొక్కెన దానంతటదే వచ్చి కూర్చుంది. వేళ్లకు నీటితోపాటు గాలి కూడా కావాలి. నీరు దిగే దారి లేకపోతే మట్టి సందుల్లో గాలి ఉండదు, వేళ్లు కుళ్లుతాయి. కుళ్లిన వేళ్లు నీరు పీల్చలేక ఆకులు వాడితే, దాహమనుకొని మనం ఇంకో చెంబు పోస్తాం. ‘మురిసి తొందరించి’ అనడంలో ఆ ప్రేమా ఉంది, ఆ పొరపాటూ ఉంది. ఒక్క సవరణ: ‘తీగ’ రెండుసార్లు పడింది. ‘దొండపాదు’ అంటే గణం చెడదు.

హనుమకొండ సభ్యుడు:

మాడు పగులు నెండ మధ్యాహ్న వేళలో
మిద్దె మీది కెక్కి మెలఁత యొకతె
గొట్టమందుఁ గాగి కుతకుతలాడెడి
నీరు పోయఁ జచ్చె నిండు తీగ

ఎండలో పడి ఉన్న పైపులోంచి మొదట వచ్చే నీళ్లు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. పూత మీదున్న కాకరను మేమిలాగే పోగొట్టుకున్నాం.

తెనాలి సభ్యురాలు: మూడో పాదం చదువుతుంటే చేయి చురుక్కుమంది. కానీ ఆ ‘మెలఁత’ ఎవరండీ? యతి కోసం వచ్చిన మనిషిలా ఉంది. ‘మేను వడల’ అని చూడండి. యతి నిలుస్తుంది, ఎండ తీవ్రతా తెలుస్తుంది.

హనుమకొండ సభ్యుడు: మార్చేశానమ్మా. ఆ రోజు నీళ్లు పోసింది నేనే.

బెంగళూరు సభ్యురాలు:

చిక్కుడాకు నంటి చీమలఁ బిలిచెడి
పేనుబంక యనెడి పీడ యెల్ల
వేపనూనె సబ్బు వేసి కలియఁగొట్టి
నీరు పోయఁ జచ్చె నిండు తీగ

సంచాలకుడు: చచ్చింది తీగ కాదు, పురుగు! సమస్య ఇచ్చినప్పుడు ఈ దారి నాకు తోచలేదు. ‘చీమలఁ బిలిచెడి’ అన్నది ఆకు తిప్పి చూసినవారు మాత్రమే రాయగల మాట. పేనుబంక విసర్జించే తియ్యని జిగురు కోసం చీమలు వస్తాయి, వచ్చి దానికి కాపలా కూడా కాస్తాయి. అయితే ‘నిండు తీగ’ను ‘తీగ నిండా’ అని అన్వయించుకోవాలి, విభక్తి లేదు. ఈ మందును పోయరు, ఆకుల అడుగున పిచికారీ చేస్తారు.

బెంగళూరు సభ్యురాలు: విభక్తి లోపం ఒప్పుకుంటాను. ‘పోయ’ మాత్రం మీరిచ్చిన పాదంలోనిదే కదండీ!

సంచాలకుడు: నిజమే, ఆ భారం నాది. నా ఓటు ఈ పూరణకే. వచ్చే వారానికి పాదం ఇదిగో, ఇదీ ఆటవెలదే:

పూలు లేని తోట పులకరించె