‘కైఫీయత్తు’ అంటే ఏంటసలు?

ప్రశ్న: మా ఊరి కైఫీయత్తు అచ్చు పుస్తకంలో దొరికింది. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. ఇది స్థలపురాణం లాంటిదేనా? మాట ఉర్దూదా?

జవాబు: పుట్టుక అరబ్బీ అండీ. ‘కైఫ’ అంటే ఎలా అని. ఫారసీ కచేరీల మీదుగా మన కరణాల దాకా వచ్చింది. ఉర్దూలో కైఫియత్ అంటే ఇప్పటికీ పరిస్థితి, మరాఠీలో అయితే ఒకరు తమ తరఫున ఇచ్చుకునే వాంగ్మూలం. మన కైఫీయత్తు ఈ రెండోదానికే దగ్గర. సర్కారు మనిషి వచ్చి మీ ఊరి సంగతేమిటని అడిగితే, కరణం తన దగ్గరున్న దండకవిలె (ఊరి పాత లెక్కల, సంగతుల పుస్తకం) ముందేసుకుని గుడి ఎవరు కట్టించారు, చెరువు ఎవరు తవ్వించారు, మాన్యాలు ఎవరివి అని వరసగా చెప్పి రాయించినది. స్థలపురాణం అందులో ఒక ముక్క, అంతే.

ఇక్కడ అడిగినవాడు కల్నల్ కాలిన్ మెకంజీ. 1815లో భారతదేశపు తొలి సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఊళ్లు తిరిగి రాయించుకొచ్చింది మాత్రం ఏలూరు నుంచి వెళ్లిన కావలి బొర్రయ్య, ఆయన తమ్ముడు లక్ష్మయ్య, వాళ్ల కింది మనుషులు (ఈ అన్నదమ్ముల పేర్లు అట్ట మీద ఎందుకుండవో నాకెప్పుడూ మంటే). 1821లో మెకంజీ పోయాక ఈ కాగితాలన్నీ కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) వాళ్లు ఆయన భార్య దగ్గర లక్ష రూపాయలకు కొన్నారు. కొన్ని లండన్‌కి పోయాయి, మన భాషల్లోవి మద్రాసు చేరాయి. అవి చివికిపోతుంటే బ్రౌన్ దొర చాలావాటికి నకళ్లు రాయించాడు. మద్రాసు విశ్వవిద్యాలయం ఆవరణలో చాలాకాలం ఉన్న ఓరియంటల్ లైబ్రరీ సంపద అదే. కడప జిల్లావి, యోగి వేమన విశ్వవిద్యాలయం కింద నడిచే బ్రౌన్ పరిశోధన కేంద్రం వాళ్లు సంపుటాలుగా వేశారు.

మరో సభ్యుడు: మా గుంటూరు వైపు కైఫీయత్తుల్లో ఏ ఊరు చూసినా గోపరాజు రామన్నే కనిపిస్తాడు! సూర్యగ్రహణం రోజు బ్రాహ్మణులకు కరిణీకాలు (కరణం పదవులు) దానమిచ్చాడట, గజపతుల కాలంలో, శాలివాహన శకం 1067లో. అంటే 1145. గజపతులు రాజ్యానికొచ్చిందే 15వ శతాబ్దంలో కదండీ?

జవాబు: భలే పట్టుకున్నారు. తేదీ నిలవదు, కానీ కథ ఎందుకు నిలిచిందో చూడండి. చెబుతున్నది కరణం, అడుగుతున్నది కుంపిణీ, తేలాల్సింది మిరాశీ, అంటే వంశపారంపర్యపు హక్కు. తన హక్కు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పకుండా ఏ కరణం ఊరుకుంటాడు? అందుకే వాంగ్మూలం అన్నాను. రాజుల వరస దాని నుంచి ఎత్తి రాస్తే దెబ్బతింటాం. అదే పొలిమేర తగాదాలకు, ఇనాములకు, ఊళ్లో ఏయే కులాలకు ఏ మిరాశీ ఉందో తెలుసుకోడానికి ఇంతకు మించినది నేను చూడలేదు.

ప్రశ్న అడిగినవారు: పుస్తకంలో ఒకచోట కైఫియ్యతు, ఇంకోచోట కయిఫియ్యతు, ‘మౌజే ఫలానా’ అని మొదలు. ఏది సరి?

జవాబు: మౌజే అంటే ఊరే. ఆ తర్వాత తాలూకా, సర్కారు వస్తాయి. స్పెల్లింగ్ గురించి టెన్షన్ పడకండి, గొలుసుకట్టు రాతలో ఎవరి చెవికి ఎలా వినిపిస్తే అలా రాశారు. మీరు ఎత్తి రాసేటప్పుడు మాత్రం ఉన్నది ఉన్నట్టే దించండి, వలపలగిలకతో (పాత రాతలో అక్షరం పక్కన పెట్టే రకారపు గుర్తు) సహా.