న్యూబిగిన్ ఆలోచనను కడప యూత్‌కి ఎలా చెప్పాలి?

అందరికీ వందనాలు. కడపలో మా సంఘం యూత్ మీటింగ్ నేను చూసుకుంటాను. ఇంటర్, డిగ్రీ పిల్లలే ఎక్కువ. మీడియా, లౌకిక ఆలోచన, విశ్వాసం మీద కొన్ని వారాలు మాట్లాడుకుందామనుకున్నాం.

దీనికి భారతదేశంలో సేవ చేసిన బ్రిటిష్ మిషనరీ, వేదాంతి లెస్లీ న్యూబిగిన్‌ను ఆధారం చేసుకున్నాను. 1947లో చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్‌ఐ) ఏర్పడినప్పుడు మధురై బిషప్ అయిన ఆయన, 1974లో ఇంగ్లండ్ వెళ్లాక అక్కడి సమాజానికే సువార్త కావాలన్నారు. సైన్స్ అందరికీ సత్యం, విశ్వాసం మాత్రం ఎవరి సొంత అభిప్రాయం వాళ్లది అనే విభజననే ప్రశ్నించారు.

చిక్కు ఇక్కడే. కడపలో విశ్వాసం ఇంట్లో దాచుకునేది కాదు. పెద్ద దర్గాకు అన్ని మతాలవాళ్లూ వెళ్తారు, ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు వస్తారు. పైగా లౌకిక రాజ్యాంగమే, 25వ అధికరణతో, మనకు ఆరాధించే హక్కు ఇచ్చింది. న్యూబిగిన్ మాటలు చెబితే ఆ రాజ్యాంగాన్నే తప్పుపడుతున్నానని పిల్లలు అనుకోకూడదు.

ఇక ఫోన్. మొన్న ఒక అమ్మాయి అడిగింది: "అన్నా, బైబిల్ యాప్‌లో కీర్తన చదువుతుంటే పైన రీల్ నోటిఫికేషన్ వస్తుంది, వేలు దానంతటదే అటు పోతుంది. ఇది పాపమా, అలవాటా?" ఫోన్ సైతానని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. మన ప్రసంగాలూ యూట్యూబ్‌లోనే ఉన్నాయి కదా, వ్యూస్ కోసం భయపెట్టే థంబ్‌నెయిల్స్‌తో సహా. అది నన్ను ఇంకా బాధపెడుతుంది.

ఇలాంటి చర్చలు నడిపినవాళ్లు ఏ వాక్యభాగంతో మొదలుపెట్టారు? రోమా 12:2 తీసుకుంటే "లోకాన్ని వదిలేయండి" అని మాత్రమే వినిపిస్తుందేమో. ఏథెన్సులో పౌలు మాట్లాడిన అపొస్తలుల కార్యములు 17 మేలా? ఆ అమ్మాయికి మీరైతే ఏం చెబుతారు? తెలుగులో సులువైన వ్యాసాలున్నా చెప్పండి, ఇంగ్లీషు పుస్తకాలు మా పిల్లలు చదవలేరు.