‘మానై వంగునా’లో వంగేదెవరు, వంచేదెవరు?

మా ఇంట్లో మొన్న ఆదివారం ఒక సామెత మీద చిన్నపాటి యుద్ధమే జరిగింది. తీర్పు మీరు చెప్పాలి.

పద్మారావునగర్‌లో మా మేడ మీద మామయ్యగారు పెంచిన కాగితం పూల బోన్సాయ్ ఉంది. వయసు ముప్పై ఏళ్ల పైమాటే. కాండం నా ముంజేయంత లావు, ఎత్తు రెండడుగులు దాటదు. ఆయన పోయాక నాలుగేళ్లు ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. కొమ్మలు పిట్టగోడ దాటాయి, వేళ్లు కుండీ కన్నాల్లోంచి బయటికొచ్చి గచ్చు పగుళ్లలో దూరాయి. ఈసారి వానలు మొదలవగానే కుండీ మార్చి, దానికో రూపం తెద్దామని కూర్చున్నాను. ఓ పాత కొమ్మ, బొటనవేలంత లావుది, ఎడమకు తిరిగితే అందంగా ఉంటుందనిపించింది. అల్యూమినియం తీగ చుట్టి మెల్లిగా వంచాను. టప్‌మంది. ఒకవైపు బెరడు పట్టుకుని వేలాడుతోంది.

వెనక నుంచి అత్తయ్య, “మొక్కై వంగనిది మానై వంగునా అని ఊరికే అన్నారా” అన్నారు. మా అబ్బాయి ఊరుకుంటాడా! “బోన్సాయ్ అంటేనే మానును వంచడం కదా నానమ్మా, నీ సామెత జపాన్‌లో చెల్లదు” అన్నాడు.

నా సందేహాలు రెండు. ఆ సామెతలో మాను అంటే ఏ చెట్టయినా కావచ్చా? ‘వంచగలమా’ అనకుండా ‘వంగునా’ అని ఎందుకున్నారు?

జవాబు:

అమ్మా, మాను పాత రూపం మ్రాను. క్రింద కింద అయినట్టు, ప్రాత పాత అయినట్టు ఇక్కడా రకారం జారిపోయింది. ‘మ్రాన్పడిపోయాడు’ అనేటప్పుడు మాత్రం ఇంకా గట్టిగా పట్టుకుని ఉంది. చెట్టులా కదలక మెదలక నిలబడిపోయాడని.

చెట్టు అనే మాటకు హద్దు లేదు. మా ఊళ్లో మిరపచెట్టు అంటారు, వంగచెట్టు అంటారు. కానీ మిరపమాను అన్నవాణ్ణి నేను చూడలేదు. చింతమాను, రావిమాను, మర్రిమాను, అంతే. అంటే మానుకు ఎత్తుతో పనిలేదు, చేవదేరిన కట్టె ఉండాలి. ఆ లెక్కన రెండడుగులదైనా మీది మానే.

ఇక రెండోది. వంగు, వంచు జంట పదాలు. మునుగు–ముంచు, దిగు–దించు, పెరుగు–పెంచు లాంటివే. మొదటిది తనంత తాను జరిగేది, రెండోది ఎవరో చేసేది. సామెత మొత్తం వెతికినా తోటమాలి కనబడడు. మొక్క ఉంది, మాను ఉంది, వంగడం ఉంది. పైగా ‘వంగును’ తద్ధర్మ క్రియ. నిప్పు కాల్చును అన్నట్టు స్వభావం చెబుతుంది. ‘వంచగలమా’ అంటే మన చేతనైనతనం గురించిన ప్రశ్న అయిపోయేది. మనవాళ్లు ఈ సామెతను పిల్లల పెంపకానికి ఉపదేశంగా చెబుతారు గానీ, నేను విన్నంతవరకు పని చెడ్డాక దెప్పడానికే ఎక్కువ వాడతారు. మీ అత్తగారు వాడినట్టే.

(వంచనకూ వంచుకూ చుట్టరికం లేదు. అది సంస్కృతం. ఎలాగూ ఎవరో ఒకరు అడుగుతారని ముందే చెబుతున్నా.)

మీ అబ్బాయికి కూడా ఒక మాట. జపాన్ భాషలో బోన్ అంటే పళ్లెం లాంటి తొట్టి, సాయ్ అంటే నాటడం. ఆ మాటలో వంచడం ఎక్కడా లేదు.

ఇంకో జవాబు:

అక్కా, నేను నర్సరీలో పనిచేస్తా. వ్యాకరణం నాకు రాదు గానీ కొమ్మ ఎందుకు విరిగిందో చెప్పగలను. జూనిపర్ లాంటి సూదాకుల చెట్లలో లావు కొమ్మకు కూడా తడిపిన నార చుట్టి కొద్దికొద్దిగా వంచుతారు, వంగుతుంది. కాగితం పూల చెట్టు బ్రెజిల్‌ది, దాని పాత కట్టె పెళుసు. దాన్ని వంచరు, కోస్తారు. కోత దగ్గర వచ్చిన చిగురు కాస్త గట్టిపడుతుండగా, పెన్సిల్ లావు దాటకముందే తీగ చుట్టి దారికి తెస్తారు. తీగను మర్చిపోవద్దు. ఇది తొందరగా లావెక్కుతుంది, తీగ బెరడులో దిగితే ఆ మచ్చ ఏళ్ల తరబడి పోదు. పెద్ద కోతకు గాయం మూసే పేస్ట్ పూయండి, లేకపోతే నీళ్లు దిగి లోపలి కట్టె కుళ్లుతుంది.

గమ్లా మార్చేటప్పుడు వేరు ముద్దను కడిగి పీకొద్దు. దీని సన్నవేళ్లు ఇట్టే తెగిపోతాయి. చుట్టూ, అడుగున కొంచెం కత్తిరించి, నీళ్లు నిలవని మట్టిలో పెట్టి కదలకుండా కట్టేయండి. వారం పదిరోజులు నీడలో ఉంచండి. మరీ పెద్ద గమ్లా వద్దు. వేళ్లకు ఇరుకైతేనే బాగా పూస్తుంది. పూస్తుంది అంటున్నా గానీ, మనం చూసే రంగులు పూరేకులు కావు, ఆకులే. అసలు పువ్వు మధ్యలో తెల్లగా, చిన్నగా ఉంటుంది.

పైన జవాబు ఇచ్చిన సార్‌కు: మేము అంతా గమ్లా అనే అంటాం. అది ఉర్దూనా?

జవాబు:

ఉర్దూ, హిందీల మీదుగానే మనకు వచ్చింది తమ్ముడూ, కానీ పుట్టిల్లు పోర్చుగల్. వాళ్ల ‘గమేలా’ మనవాళ్ల నోట్లో పడి గమ్లా అయింది. బ్రెజిల్ చెట్టు, పోర్చుగీసు తొట్టి, జపాన్ పద్ధతి, తెలుగు సామెత. అన్నీ పద్మారావునగర్ మేడ మీదే కలిశాయన్నమాట.

ప్రశ్న అడిగినావిడ:

ఇద్దరికీ ధన్యవాదాలు. మూడు వారాలయ్యాక రాస్తున్నాను. విరిగిన కొమ్మను గణుపు పైన కోసి పేస్ట్ పూశాను. కుండీ పాతదానికంటే రెండు వేళ్లు మాత్రమే వెడల్పు. మొదటి వారం ఆకులన్నీ రాలిపోతే నాకు టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. నిన్న పొద్దున చూస్తే కోత కింద మూడుచోట్ల ఎర్రటి చిగుళ్లు, ఆవగింజంత. అత్తయ్య కళ్లద్దాలు తెచ్చుకుని మరీ వంగి చూశారు. “ఇవి మొక్కలే. ఇంకో రెండు నెలలాగి వంచుకో” అన్నారు.

వంచుకో అన్నారండీ, వంగుతాయి అనలేదు.