యాంజియోటెన్సిన్-2 రెండో డోసుకు డోపమైన్ సిగ్నల్ పడిపోతోంది: తప్పు రిసెప్టర్‌దా, ఎలక్ట్రోడ్‌దా?

ఎలుక మెదడులోని స్ట్రయేటమ్ అనే భాగం స్లైసులు, 300 మైక్రాన్ల మందం, 32 డిగ్రీలు. 7 మైక్రాన్ల కార్బన్ ఫైబర్ ఎలక్ట్రోడ్‌తో ఫాస్ట్ స్కాన్ వోల్టామెట్రీ (వోల్టేజిని వేగంగా మారుస్తూ, ఆక్సిడైజ్ అయ్యే డోపమైన్‌ని కరెంటుగా కొలిచే పద్ధతి): −0.4 నుంచి +1.3 వోల్టుల దాకా, సెకనుకు 400 వోల్టుల వేగం, సెకనుకు 10 స్కాన్లు. డోపమైన్ విడుదల కోసం 5 నిమిషాలకో సింగిల్ కరెంటు పల్స్.

100 నానోమోలార్ యాంజియోటెన్సిన్-2 (రక్తపోటును పెంచే పెప్టైడ్ హార్మోన్) మొదటిసారి ఇస్తే డోపమైన్ విడుదల పెరుగుతోంది. ముందుగా 20 నిమిషాలు 1 మైక్రోమోలార్ లోసార్టాన్ (ఈ హార్మోన్ పనిచేసే ఏటీ1 రిసెప్టర్‌ని అడ్డుకునే మందు) ఉంచితే పెరగట్లేదు, కాబట్టి ఇది ఏటీ1 రిసెప్టర్ పనే. చిక్కంతా రెండో డోసుతో. అరగంట కడిగి మళ్లీ ఇస్తే సిగ్నల్ బేస్‌లైన్ (డోసుకు ముందున్న స్థాయి) కన్నా కిందికి దిగుతోంది.

ఏటీ1 త్వరగా కణం లోపలికి వెళ్లిపోతుంది, నిజమే. పెప్టిడేజులనే ఎంజైములు హార్మోన్‌ని కోసేస్తాయి, ట్యూబింగ్‌కి కొంత అంటుకుపోతుంది. కానీ వీటివల్ల పెరుగుదల ఆగాలి గానీ బేస్‌లైన్ దిగకూడదు కదా! అందుకే ఎలక్ట్రోడ్ మీద అనుమానం: ఈ పెప్టైడ్‌లో నాలుగో స్థానంలో టైరోసిన్ ఉంది, అది ఆక్సిడైజ్ అయి కార్బన్ మీద పొరలా పేరుకుంటుంది. డోపమైన్ ఆక్సిడేషన్ పీక్ 0.6 నుంచి 0.7 వోల్టుల వైపు, రిడక్షన్ పీక్ ఇంకా కిందికి జరుగుతున్నాయి. రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ వోల్టేజి జరిగితే రెండూ ఒకే వైపు కదలాలి, ఇక్కడ ఎదురెదురు వైపులకు కదులుతున్నాయి.

ఈ పెప్టైడ్‌తో పనిచేసినవాళ్లు చెప్పండి: స్లైసుకి ఒకే డోసు పెడతారా? ఎలక్ట్రోడ్‌ని పెప్టైడ్ తర్వాత మళ్లీ కాలిబ్రేట్ చేస్తారా? ట్యూబింగ్‌కి అంటకుండా 0.1 శాతం బీఎస్ఏ (ఆవు సీరం ఆల్బుమిన్ ప్రోటీన్) కలిపితే నురగ వస్తోంది, పైగా అదీ ఫైబర్‌ని పాడుచేస్తుంది. వేరే దారేమైనా ఉందా?